పుస్తకానికో పేరుంటే పిల్లలకు ఏది చెప్పాలి?

రాజోలు దగ్గరి ఒక పల్లె నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయవద్దని కోరారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమె స్పెషల్ తెలుగుతో బి.ఏ. చదివారు. మొదటి నుంచీ తెలుగు మాధ్యమమే. భర్త కొబ్బరి వ్యాపారి దగ్గర గుమాస్తా. ఇంటి వసారాలో ఆమె ట్యూషన్ చెబుతారు. నాలుగో తరగతి నుంచి ఎనిమిది దాకా పాతిక మంది పిల్లలు, సగం ప్రభుత్వ బడివాళ్లు, సగం కాన్వెంటువాళ్లు. లెక్కలు బాగా చెబుతారని పేరు. "కానీ లెక్కల కోసం ఎవరూ డబ్బు కట్టరండి. ఇంగ్లిష్ చెబితేనే పంపుతారు" అని రాశారు.

కిందటి నెల ఆరో తరగతి పిల్లవాడి చేత "మై బుక్" అనే మాటలో "మై" ప్రొనౌన్ అని రాయించారు. బడిలో అది తప్పయింది, మార్కు పోయింది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన ఆ పిల్లవాడి తండ్రి నేరుగా వసారాలోకి వచ్చి, పిల్లలందరి ముందూ ఫోను చూపించి, "అది డిటర్మినర్ అండీ, తెలియకపోతే చెప్పకూడదు" అన్నారట. ఆ రాత్రి ఆమె తన పాత వ్యాకరణ పుస్తకం తీసి చూస్తే అందులో పొసెసివ్ అడ్జెక్టివ్ అని ఉంది. ఒక్క చిన్న మాటకు మూడు పేర్లు! ఇంకో పుస్తకం తీస్తే పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిది అని ఉంది, కాన్వెంటు పిల్లల పుస్తకంలో తొమ్మిది. వాక్యాల సంగతి మరీ అన్యాయం. తెలుగులో సంయుక్త వాక్యం అని తను నేర్చుకున్నదాన్ని ఇంగ్లిష్‌లో కాంపౌండ్ అని చెబితే, బడిలో సింపుల్ అని దిద్ది పంపారు. ఇద్దరు పిల్లలు మానేశారు. "ఇంగ్లిష్ వదిలెయ్, తెలుగూ లెక్కలూ చెప్పుకో, మర్యాదగా ఉంటుంది" అంటారు భర్త. రాజమండ్రిలో ఇంగ్లిష్ కోర్సులో చేరమని అక్క పోరు పెడుతోంది. ఉత్తరం ముగిశాక, సంతకం కింద, ఒక్క వాక్యం: "ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, నా స్నేహితులు వచ్చినప్పుడు ఇంగ్లిష్ చెప్పవద్దమ్మా అంది."

ఎవరిది ఒప్పు, ట్యూషన్ మానాలా, కోర్సుకు డబ్బు పోయాలా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, ముందు "మై" సంగతి తేల్చేద్దాం. మీ నిద్ర చెడగొట్టింది అదే కాబట్టి.

మీరు ప్రొనౌన్ అని ఎందుకన్నారో నాకు తెలుస్తోంది. తెలుగులో "నేను" సర్వనామం, "నా" దాని షష్ఠీ రూపం. "నా పుస్తకం" అన్నప్పుడు ఆ "నా" సర్వనామం కాకుండా పోదు. అదే చూపుతో మీరు "ఐ", "మై" ఒక కుటుంబం అనుకున్నారు. అది అడ్డగోలు ఊహ కాదు. ఇవాళ్టి ఇంగ్లిష్ వ్యాకరణవేత్తల్లో ఒక వర్గం సరిగ్గా ఇలాగే, "మై"ని ప్రొనౌన్ షష్ఠీ రూపంగానే లెక్కిస్తుంది. పాత బడి పుస్తకాలు మాత్రం అది నామవాచకం ముందు నిలబడి దాన్ని విశేషిస్తోంది కదా అని పొసెసివ్ అడ్జెక్టివ్ అన్నాయి. 20వ శతాబ్దంలో భాషాశాస్త్రం పెరిగాక ఇంకొకటి గమనించారు: "మై", "దిస్", "ద", "ఎ" అన్నీ ఒకే చోటు కోసం పోటీ పడతాయి. "ద మై బుక్" అనరు, "దిస్ మై బుక్" అనరు. అదే "గుడ్", "రెడ్" లాంటి విశేషణాలైతే వరసగా ఎన్నయినా పెట్టుకోవచ్చు. ప్రవర్తన వేరుగా ఉంది కాబట్టి వీటిని అడ్జెక్టివ్‌ల నుంచి విడదీసి డిటర్మినర్లు అన్నారు. ఆ కువైట్ పెద్దమనిషి ఫోనులో కనిపించింది ఈ మూడో పేరు.

కాబట్టి ఆయన చెప్పింది తప్పు కాదు. "తెలియకపోతే చెప్పకూడదు" అన్నది మాత్రం అధిక ప్రసంగం. అయితే పిల్లవాడికి మార్కు పోవడమూ అన్యాయం కాదు, వాడి పుస్తకంలో ఉన్న పేరు వేరు కాబట్టి. ఈ రెండు సంగతులనూ మీరు కలిపేసుకుని బాధపడుతున్నారు. పరీక్షలో అడిగేది ఆ పుస్తకం పెట్టిన పేరు. భాషలో ఆ పదం చేసే పని ఏ పుస్తకంలోనైనా ఒకటే.

ఎనిమిదా తొమ్మిదా అన్నదీ ఇలాంటి తగాదాయే, కాకపోతే రెండు వేల ఏళ్ల నాటిది. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో డయొనీసియస్ థ్రాక్స్ అనే గ్రీకు పండితుడు గ్రీకు భాషకు ఎనిమిది విభాగాలు చెప్పాడు. వాటిలో ఆర్టికల్ ఉంది, అడ్జెక్టివ్‌కు వేరే గది లేదు. దాన్ని నామవాచకాల్లోనే కలిపారు. లాటిన్‌లో ఆర్టికల్ లేదు. అయినా రోమన్లు ఎనిమిది అనే అంకెను వదులుకోలేదు. ఆశ్చర్యార్థక పదాలకు ఇంటర్జెక్షన్ అని వేరే విభాగం కట్టి లెక్క సరిపెట్టుకున్నారు. ఆ లాటిన్ చట్రాన్నే తరవాత ఇంగ్లిష్‌కు తొడిగారు. 1795లో లిండ్లీ ముర్రే రాసిన ఇంగ్లిష్ వ్యాకరణం ఆర్టికల్‌ను విడిగా లెక్కించి తొమ్మిది చెప్పింది. ఆర్టికల్‌ను అడ్జెక్టివ్‌లో కలిపితే ఎనిమిది, విడిగా ఉంచితే తొమ్మిది. నేటి పుస్తకాల్లో ఆ తొమ్మిదో స్థానంలో డిటర్మినర్ కూర్చుంటోంది. అంతే సంగతి. మనలోనూ వేదపదాలకు అర్థం చెప్పే నిరుక్తం రాసిన యాస్కుడు నామ, ఆఖ్యాత, ఉపసర్గ, నిపాతాలని నాలుగు చెప్పాడు. మీరు బడిలో నేర్చుకున్న తెలుగు భాషాభాగాలు అయిదు. అయిదు నేర్చుకున్నందుకు యాస్కుడి ముందు తలవంచుకోవాలని మీకు ఎప్పుడూ అనిపించి ఉండదు కదా!

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. పాఠం మొదలుపెడుతూ పదాల జాబితా ఇచ్చి, ఇవి నౌన్లు, ఇవి వెర్బులు అని వల్లె వేయించే పద్ధతి ఉంటే మానండి. పదానికి జాతి ముద్ర ముందే పడి ఉండదు, వాక్యంలో పడ్డాకే తెలుస్తుంది. ధవళేశ్వరానికి పైన అఖండ గోదావరి అనే నీటినే దిగువన ఒక పాయలో గౌతమి అంటాం, ఇంకో పాయలో వసిష్ఠ అంటాం, అందులోంచి చీలితే వైనతేయ అంటాం. పదాలూ అంతే. "ఐ డ్రింక్ వాటర్" అంటే "వాటర్" నౌన్. కడియం నర్సరీలో యజమాని "వాటర్ ద ప్లాంట్స్" అని పురమాయిస్తే అదే మాట వెర్బ్. "ఫాస్ట్ ట్రైన్"లో "ఫాస్ట్" అడ్జెక్టివ్, "రన్ ఫాస్ట్"లో అడ్వెర్బ్, ఏకాదశి నాడు మీరు చేసే "ఫాస్ట్" నౌన్. "ఆఫ్టర్ లంచ్" అంటే "ఆఫ్టర్" ప్రిపొజిషన్, "ఆఫ్టర్ హి లెఫ్ట్" అంటే కంజంక్షన్, ఎందుకంటే దాని వెనక ఒక క్రియ ఉన్న ఉపవాక్యం వచ్చింది.

నిర్వచనాలు కూడా నమ్మకంగా పట్టుకోదగినవి కావు. "పని తెలిపేది వెర్బ్" అన్నారు, సరే. "అరైవల్" అంటే రావడం అనే పనే, కాని అది నౌన్. "ఈజ్" ఏ పనీ తెలపదు, అయినా వెర్బే. దీనికంటే ఖాళీ పూరించే పరీక్ష నయం. "ద" తరవాత, "ఈజ్ హియర్" ముందు, ఆ ఖాళీలో ఒంటరిగా ఇమిడేది నౌన్. "హి" తరవాత "నిన్న" అన్నప్పుడు రూపం మార్చుకునేది వెర్బ్: "గో" అనేది "వెంట్" అవుతుంది. తన ముందు "వెరీ" పెట్టించుకోగలిగి, ఒక నౌన్‌కు ముందు కూర్చోగలిగేది అడ్జెక్టివ్. ప్రతి పదానికీ ఇవి సరిపోవు. అయినా ఆరో తరగతికి కావలసిన పదాల్లో చాలా భాగం వీటితో తేలిపోతాయి, మిగిలినవి వచ్చినప్పుడు "చూసి చెబుతాను" అనండి.

ఇప్పుడు వాక్యాలకు వద్దాం. ఇక్కడే మీకు నిజంగా దెబ్బ తగిలింది. ఆశ్చర్యం ఏమిటంటే, తెలుగు వ్యాకరణం బాగా వచ్చినవాళ్లకే ఈ దెబ్బ తగులుతుంది. తెలుగులో సామాన్య, సంయుక్త, సంశ్లిష్ట వాక్యాలు. ఇంగ్లిష్‌లో సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్. మూడుకు మూడు ఉన్నాయి కదా అని ఎదురెదురుగా గీతలు గీసి కలిపేస్తాం. అవి కలవవు.

"లక్ష్మి, పద్మ బడికి వెళ్లారు" మనకు సంయుక్త వాక్యం. లక్ష్మి వెళ్లింది, పద్మ వెళ్లింది అనే సమాన వాక్యాలు రెండూ కలిశాయి కాబట్టి. ఇంగ్లిష్‌వాడికి అక్కడ కర్తలు ఇద్దరున్నా సమాపక క్రియ, అంటే వాక్యాన్ని పూర్తి చేసే క్రియ, ఒకటే, కాబట్టి సింపుల్. మీ పిల్లవాడి పేపర్లో జరిగింది ఇదే అని నా అనుమానం. "గీత ఇంటికి వచ్చి అన్నం తింది" తీసుకోండి. "వచ్చి" క్త్వార్థకం, అసమాపక క్రియ, కాబట్టి మనకు సంశ్లిష్టం, సందేహం లేదు. దీన్నే ఇంగ్లిష్‌లో ఎలా చెబుతామన్నదాన్ని బట్టి మూడు రకాలూ అవుతుంది! "కమింగ్ హోమ్, గీత ఏట్ లంచ్" అంటే సింపుల్, ఎందుకంటే "కమింగ్" సమాపక క్రియ కాదు. "గీత కేమ్ హోమ్ అండ్ షి ఏట్ లంచ్" అంటే కాంపౌండ్, సమాన హోదా గల రెండు వాక్యాలు "అండ్"తో కలిశాయి. "వెన్ గీత కేమ్ హోమ్, షి ఏట్ లంచ్" అంటే కాంప్లెక్స్, "వెన్" పట్టుకున్న ముక్క తనంతట తాను నిలబడలేదు.

కాబట్టి పిల్లలకు తెలుగు పేరును ఇంగ్లిష్ పేరుకు అనువదించి చెప్పకండి. సమాపక క్రియలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించండి. ఒకటే ఉంటే సింపుల్. ఒకటి కంటే ఎక్కువ ఉంటే కలిపిన మాట ఏదో చూడమనండి. "అండ్", "బట్", "ఆర్" అయితే కాంపౌండ్, "వెన్", "బికాజ్", "ఇఫ్", "దో", "హూ", "విచ్" లాంటివైతే కాంప్లెక్స్. క్త్వార్థకం, చేదర్థకం, అప్యర్థకం అని నోరు తిరిగే మీకు ఇది పెద్ద పని కాదు. చేదర్థకానికి (వస్తే, తింటే) "ఇఫ్", అప్యర్థకానికి (వచ్చినా, తిన్నా) "దో" అని మీకు వెంటనే తడుతుంది, స్పోకెన్ ఇంగ్లిష్ మాత్రమే నేర్చుకున్నవాళ్లకు అది తట్టదు.

ఇంగ్లిష్‌లో క్రియ లేని వాక్యం ఉండదన్నది కూడా మొదట్లోనే చెప్పండి. "ఆయన డాక్టరు" అని మనం క్రియ లేకుండా హాయిగా అనేస్తాం, ఇంగ్లిష్ "ఈజ్" పెట్టనిదే ఒప్పుకోదు. పిల్లలు "హి డాక్టర్" అని రాసేది అజ్ఞానంతో కాదు, మన క్రియారహిత వాక్యం అలవాటుతో.

డిక్లరేటివ్, ఇంటరాగేటివ్, ఇంపరేటివ్, ఎక్స్‌క్లమేటరీ అన్నవి వేరే కొలత, నిర్మాణంతో సంబంధం లేదు. ఒకే వాక్యం ఇంటరాగేటివూ కావచ్చు, కాంప్లెక్సూ కావచ్చు. ఆశీర్వచనాలకు ఆప్టేటివ్ అని అయిదోది కొన్ని పుస్తకాల్లో కనబడితే కంగారు పడకండి. "కుడ్ యు ఓపెన్ ద డోర్?" అర్థంలో అభ్యర్థనే అయినా బడి పరీక్షలో రూపాన్ని బట్టి ఇంటరాగేటివ్ అని రాయించండి.

ఇక మీరు ఏం చేయాలన్నది. మీ ఇంటి పరిస్థితి నాకంటే మీకే తెలుసు, దారులు మాత్రం చూపిస్తాను.

మీ వారు చెప్పినట్టు ఇంగ్లిష్ వదిలేయవచ్చు. మనశ్శాంతి దొరుకుతుంది, సాయంత్రం గంట మిగులుతుంది. కాని మీ ఉత్తరం ప్రకారమే పిల్లలు వస్తున్నది ఇంగ్లిష్ కోసం. సగం మంది పోవచ్చు, కొబ్బరి ధర పడిపోయిన నెలల్లో ఆ డబ్బు ఇంటికి ఎంత అక్కరో మీరే రాశారు. పైగా ఇప్పుడు మానితే ఆ పెద్దమనిషి మాటకే మానినట్టు ఊళ్లో అనుకుంటారు. దాన్ని పట్టించుకోనంటే మానడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీ వారు చెడు కోరి అనలేదు, మీరు చిన్నబుచ్చుకోవడం చూడలేక అన్నారు.

అయిదో తరగతి దాకానే ఇంగ్లిష్ చెబుతానని చెప్పడం ఇంకొకటి. ఈ ఏటికి బరువు తగ్గుతుంది, నేర్చుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. పెద్ద తరగతుల పిల్లలే ఎక్కువ ఫీజు ఇస్తారు కాబట్టి కొంత నష్టం. వాళ్లు వేరే చోటికి వెళితే వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ అటే పోయే ప్రమాదం కూడా ఉంది.

మీ అక్కగారు చెప్పిన కోర్సు మీద నాకు అంత ఆశ లేదు. ఆ కోర్సుల్లో ఎక్కువ భాగం మాట్లాడటం నేర్పేవి. ధైర్యం వస్తుంది, ఉచ్చారణ కుదురుతుంది, కాని డిటర్మినర్‌కూ అడ్జెక్టివ్‌కూ తేడా అక్కడ ఎవరూ చెప్పరు. రాజోలు నుంచి రాజమండ్రికి రానూపోనూ బస్సులో గడిపే సమయం కూడా లెక్కలో వేసుకోండి. మాట్లాడాలని మీకే కోరిక ఉంటే చేరండి, ఆ కువైట్ తండ్రికి జవాబు చెప్పడానికైతే వద్దు.

నేను మొగ్గు చూపేది కొనసాగించడానికే, పద్ధతి మార్చుకుని. మీ దగ్గరికి రెండు రకాల పుస్తకాల పిల్లలు వస్తున్నారు. ఒక పెద్ద నోటుబుక్కు తీసి, మధ్యలో వ్యాకరణ విషయం, ఒక పక్క ప్రభుత్వ పుస్తకం దాన్ని ఏమంటుందో, ఇంకో పక్క కాన్వెంటు పుస్తకం ఏమంటుందో రాసుకోండి. పిల్లల పుస్తకాల వెనక ఉండే వ్యాకరణ అభ్యాసాల నుంచి రాస్తే ఒక తరగతికి రెండు మూడు రాత్రుల పని. ప్రభుత్వ బడుల్లో లెక్కలు, సైన్సు, సోషల్ పుస్తకాలు 2020-21లో మొదలుకొని ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో వస్తున్నాయి కదా, వాటిని మీ కోసం చదవండి. ఒకే విషయాన్ని రెండు భాషలూ ఎలా కట్టాయో పక్కపక్కనే కనిపిస్తుంది. తెలుగు పేజీలో అసమాపక క్రియ వచ్చిన చోటల్లా ఇంగ్లిష్ పేజీలో ఏముందో గీత గీసుకుంటూ పోతే, ఏ కోర్సూ నేర్పనంత నేర్చుకుంటారు. ఈ దారిలో కష్టం ఏమిటంటే, మూడు నాలుగు నెలల పాటు పిల్లల ముందు "రేపు చూసి చెబుతాను" అని తరచుగా అనాల్సి వస్తుంది. మీ దగ్గర అభిమానం కాస్త ఎక్కువ పాళ్లలో ఉందని ఉత్తరం చూస్తే అనిపించింది. అది తట్టుకోగలరో లేదో మీరే చూసుకోవాలి.

ఆ తండ్రితో మళ్లీ మాట్లాడాల్సి వస్తే వాదించవద్దు. "అండీ, మీరు చూపించింది కొత్త పుస్తకాల పేరు, మీ అబ్బాయి పుస్తకంలో వేరే పేరుంది, పరీక్షకు అదే రాయిస్తున్నాను, కొత్త పేరు కూడా చెబుతాను" అంటే చాలు. సెలవు అయిపోతే కువైట్ వెళ్లిపోయే మనిషి ఆయన. పిల్లవాడి చదువును ఏడాదికి నెల రోజులే కళ్లారా చూస్తాడు. ఆ ఆత్రం గొంతులో కాస్త గట్టిగా పలికింది. క్షమాపణ చెప్పించుకోవాలని మాత్రం చూడకండి. ఆయన చెప్పినా పిల్లవాడు ఇబ్బంది పడతాడు.

సంతకం కింద రాసిన వాక్యం గురించి కూడా చెప్పాలి. మీరు అడగలేదు, అయినా ఉత్తరమంతా చదివాక నాకు బరువుగా అనిపించింది అదే. ఎనిమిదో తరగతి పిల్లకు తల్లి ఇంగ్లిష్ మీద సిగ్గు రావడం ఈ రోజుల్లో వింత కాదు. పదమూడేళ్ల వయసులో తల్లి కట్టుకున్న చీర మీద కూడా సిగ్గు వస్తుంది. దాన్ని మనసులో పెట్టుకుని ఆ పిల్ల ముందు ఇంగ్లిష్ మాట ఎత్తడం మానేశారని మీ రాతను బట్టి ఊహిస్తున్నాను. అలా మానేస్తే ఆ పిల్ల అన్నదే నిజమైపోతుంది. తిట్టడమూ పనికిరాదు. ఇప్పుడు చెప్పిన నోటుబుక్కులో కాన్వెంటు పుస్తకం వైపు గడిని ఆ అమ్మాయి చేతే రాయించవచ్చు. ఆమె పుస్తకం ఆమెకే బాగా తెలుసు, దస్తూరీ కూడా మీకంటే చక్కగా ఉంటుందేమో. ఒప్పుకోకపోతే వారం ఆగి మళ్లీ అడగండి. స్నేహితులు వచ్చినప్పుడు వసారాలో పాఠం ఆపవద్దు. అయితే ఆ కాసేపూ లెక్కలు చెప్పుకున్నా తప్పు లేదు, ఆ పిల్లకు కొంత గౌరవం మిగులుతుంది.

మానేసిన ఇద్దరు పిల్లల ఇళ్లకు ఇప్పుడే వెళ్లకండి. మొదట ఆరో తరగతి పట్టిక పూర్తి చేయండి. ఫీజుల సంగతి, ఏ తరగతి దాకా ఇంగ్లిష్ చెప్పాలన్న సంగతి వచ్చే జూన్‌లో బళ్లు తెరిచేటప్పుడు తేల్చుకోవచ్చు.